పొలం గట్టు నుంచి పెసరట్టు దాకా

బెజవాడలో ఎక్కడ తినాలని అడిగితే హోటళ్ల పేర్లు చెప్పేవాళ్లు సందుకొకరు దొరుకుతారు. ఏ పూట తినాలో, ఏ నెలలో తినాలో చెప్పాల్సింది మాత్రం కాలువలూ పొలాలే. కృష్ణా డెల్టా వేసిన విస్తరిలో ఏమేం ఉన్నాయో, ఎందుకున్నాయో ఈ వారం చూద్దాం.

కార్తికం వెళ్లి మార్గశిరం వస్తుంటే గుడివాడ, పామర్రు, మొవ్వ వైపు వరిచేలు పసుపు తిరుగుతాయి. కోతకు ఇంకా రెండు మూడు రోజులుందనగా రైతు మినుములు తెచ్చి, నిలబడి ఉన్న చేలోనే వెదజల్లుతాడు. దుక్కి దున్నడు, తడి పెట్టడు. వరి కోసి పనలు తీసేసరికి దుబ్బుల మధ్య మినుము మొలకెత్తి ఉంటుంది. నేలలో మిగిలిన పదునుతో, తెల్లవారుజామున కురిసే మంచుతో పెరిగి మాఘ ఫాల్గుణాల్లో చేతికొస్తుంది. కొందరు మినుముకు బదులు పెసర చల్లుతారు.

ఇప్పుడు గాంధీనగర్‌లో ఏదో ఒక టిఫిన్ హోటల్లో కూర్చుని పళ్లెంలోకి చూడండి. ఇడ్లీలో రవ్వ ఆ చేలో మొదటి పంట. మినప్పప్పు రెండో పంట. పక్క బల్ల మీది పెసరట్టూ ఆ రెండో పంటే. ఇడ్లీ మీద పెట్టిన వెన్న, ఆ చేలో గడ్డి మేసిన గేదె పాలది. ఇవాళ హోటలుకొచ్చే పప్పు ఏ రాష్ట్రం నుంచైనా రావచ్చు. ఈ టిఫిన్ ఇక్కడ ఇంతగా వేళ్లూనుకున్నది మాత్రం ఆ మాగాణి వల్లనే.

బెజవాడకు హైదరాబాదుకున్నట్టు నవాబుల వంటశాల లేదు. ఇక్కడి తిండిని నిలబెట్టినవాళ్లు వచ్చి పోయే జనం. కృష్ణ మీద 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, అది దెబ్బతిన్నాక 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, ఊరి మధ్యనుంచి సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు డెల్టాను వరిమడి చేశాయి. పండినది అమ్ముకోవడానికి, ఎరువులు కొనడానికి, మోటారు బాగుచేయించడానికి, ఆస్పత్రికి, సినిమాకి, రైలు మారడానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ బెజవాడకే దిగేవి. పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాడికి వేడి టిఫిన్ కావాలి. మధ్యాహ్నం ఎండలో తిరిగినవాడికి కడుపునిండా భోజనం కావాలి. రాత్రి లారీ కదిలేముందు డ్రైవరుకు ఘాటుగా ఏదో ఒకటి కావాలి. ఊరి హోటళ్లన్నీ ఈ మూడు ఆకళ్ల చుట్టూ పెరిగినవే. ఇక్కడ హోటలు ఎంత మంచిదైనా వేళ తప్పితే సగం రుచి పోతుంది.

పొద్దున: పెనం దగ్గరే నిలబడండి

గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్ 1942 నుంచి ఉంది. పేరు తెచ్చింది వెన్న ఇడ్లీ. పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్న ముద్ద పెడితే అది కరిగి పక్కలకు జారుతుంటుంది. కారప్పొడి, అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ పక్కన. సినిమా పంపిణీ ఆఫీసులన్నీ గాంధీనగర్‌లో ఉన్న కాలంలో ఫిల్ము బాక్సులు పట్టుకుని రైలు దిగినవాళ్లకూ, పొద్దుటి పేపరు చంకన పెట్టుకుని వచ్చే పెద్దమనుషులకూ ఆ పేట హోటళ్లే కబుర్ల చావడి. ఇప్పుడు నెయ్యి పోసి కారం చల్లిన ఇడ్లీ ఊరంతా దొరుకుతుంది. వెన్నకున్న చల్లదనం నేతికి రాదని పాతవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు.

ఆ వెన్న వెనక గేదె ఉంది, గేదె వెనక ఊరుంది. ఊళ్ల నుంచి హోటళ్లకు పాలు పోయడం ఒకప్పుడు కుర్రాళ్లకు నికరమైన సంపాదన. నిమ్మకూరులో 1923లో పుట్టిన నందమూరి తారకరామారావు కూడా చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్లకు పాలు పోసినవారే. తర్వాత ఆ పాలు సహకార సంఘాల క్యాన్లలోకెక్కి చిట్టినగర్ పాల ఫ్యాక్టరీకి చేరాయి, ‘విజయ’ ప్యాకెట్లయ్యాయి. చిక్కటి గేదెపాలతో చేసిన ఫిల్టర్ కాఫీ అలవాటైన నోటికి వేరే ఊళ్లో కాఫీ పలచగానే అనిపిస్తుంది.

పెసరట్టు సంగతి వేరే. దోసెపిండిలా దీన్ని పులియబెట్టరు. రాత్రి నానేసిన పొట్టు పెసలను గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి ఆ పొద్దునే రుబ్బాలి. నిలవుంటే పచ్చిదనం పోయి పులుపెక్కుతుంది. పెనం మీద నీళ్లు చిలకరించి, గరిటెడు పిండి వేసి పలచగా తిప్పి, మీద సన్నగా తరిగిన ఉల్లిపాయలు, అల్లం ముక్కలు, జీలకర్ర చల్లుతాడు వంటమాస్టరు. అట్లకాడతో ఉల్లిని పిండిలోకి అదిమి, అంచుల వెంట నూనె తిప్పుతాడు. అంచులు లేచి గోధుమరంగు తిరిగేసరికి మధ్యలో ఉప్మా పెట్టి మడుస్తాడు. అల్లం పచ్చడిలో బెల్లం తియ్యదనం, చింతపండు పులుపు రెండూ నాలుక్కి తగలాలి. రుబ్బిన పిండి అయిపోతే ఆ పూటకు పెసరట్టు అయిపోయినట్టే. తొమ్మిది దాటాక వచ్చి ‘లేదు’ అనిపించుకుంటే అది ఆ హోటలుకు మంచి మార్కు. రోజంతా పెసరట్టు దొరికే చోట పిండి ఎప్పటిదో అడగాల్సి వస్తుంది.

ఘాటు కావాలనేవాళ్లకు నెయ్యి కారం దోసె ఉంది. ఎర్రకారం ముద్దను దోసె అంతటా పులిమి, నెయ్యి పోసి ఎర్రగా కాలుస్తారు. చట్నీ అడక్కుండా తినగలిగితే మీరు ఈ పక్కవాళ్లే.

మధ్యాహ్నం: అన్నం ముందు, కూర తర్వాత

భోజనం హోటల్లో అందరూ కూరల సంగతే మాట్లాడతారు. ముందు అన్నం చూడాలి. మెతుకు సన్నగా, అంటుకోకుండా, చల్లారినా గట్టిపడకుండా ఉందంటే అది బహుశా బీపీటీ 5204. కృష్ణ పశ్చిమ డెల్టాలో ఉన్న బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి వంగడమది. దేశంలో చాలా రాష్ట్రాలకు పాకింది. తెగుళ్లకు తట్టుకోదని తెలిసినా రైతులు వదలకపోవడానికి కారణం తినేవాళ్లు వదలకపోవడమే. మంచి హోటలువాళ్లు కొత్త బియ్యం కొనరు. ఆరునెలలు దాటిన పాత బియ్యమైతేనే అన్నం పొడిపొడిగా వస్తుంది.

ఇక్కడి వడ్డనకు ఒక వరస ఉంది. మొదటి ముద్ద కందిపొడి, నెయ్యి. రెండోది ముద్దపప్పు, ఆవకాయ. తర్వాత గోంగూర పచ్చడి, దోసావకాయ, వేపుడు, పులుసు, చారు, చివర గడ్డపెరుగు. వరస తప్పించి ముందే సాంబారు పోయించుకుంటే వడ్డించేవాడు ‘అప్పుడేనా అండీ’ అన్నట్టు చూస్తాడు. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ శాఖ ఇక్కడికీ వచ్చాక బుట్టెడు అధరువులతో గోదావరి మర్యాద కూడా బెజవాడ బల్ల మీద చేరింది. అయినా ఉలవచారు విషయంలో మాత్రం కృష్ణావాళ్లు పక్క జిల్లాకు ఇంచు కూడా తగ్గరు.

ఉలవలు ఎద్దుల దాణా. పెద్ద కాగులో గంటల తరబడి ఉడకబెట్టి, గింజలు ఎడ్లకు పెట్టి, మిగిలిన కట్టును చింతపండు పులుసుతో మరిగించేవాళ్లు. అడుగంటేముందు దాకా కాగి చిక్కబడ్డాక ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పోపు. వేడన్నంలో ఈ చారు పోసుకుని, పైన వెన్నో మీగడో వేసుకోవాలి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు పోయాయి. పెళ్లి విందుల్లో, స్టార్ హోటళ్లలో ఉలవచారు కుదురుకుంది, ఉలవచారు బిర్యానీ దాకా వెళ్లింది. ఇప్పుడు చారు కోసమే ఉలవలు ఉడుకుతున్నాయి, గింజలు ఎవరికి పెట్టాలన్నది వంటవాడి తిప్పలు.

మాంసాహారం కావాలంటే వన్‌టౌన్, పంజా సెంటర్ వైపు బిర్యానీ, రంజాన్ నెలలో హలీమ్. బందరు రోడ్డు పొడుగునా కుండ బిర్యానీలు, మండీలు. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చాక హైదరాబాదు నుంచి దిగిన ఉద్యోగులతో పాటు హైదరాబాదు రుచులూ దిగాయి. అవన్నీ బాగానే ఉంటాయి గానీ వాటికోసం బెజవాడ రానక్కర్లేదు. నాటుకోడి పులుసు, గారెలు ఏ హోటల్లో వేడిగా దొరికితే ఆ పూట అక్కడ ఆగండి.

సాయంత్రం: మూకుడు వేడెక్కే వేళ

నాలుగున్నరకు బీసెంట్ రోడ్డు, సత్యనారాయణపురం, పటమట సందుల్లో మూకుళ్లు వేడెక్కుతాయి. పొద్దుటి పిండి కాస్త పులిసి ఉంటుంది. అందులో ఉల్లి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి చేత్తో చిన్న చిన్న ఉండలుగా జార్చితే పునుగులు. పైన కరకర, లోపల దూది. కాగితప్పొట్లంలో పోసి పల్లీ చట్నీ, అల్లం పచ్చడి పక్కన పెట్టి ఇస్తారు. పొద్దుటి ఇడ్లీ, దోసెలకు వాడిన పిండి సాయంత్రానికి ఇలా రూపు మార్చి అమ్ముడవుతుంది. వృథా పోనివ్వని ఇంటి బుద్ధి బండి మీదికి వచ్చిందన్నమాట.

పక్క బండి మీద మిరపకాయ బజ్జీ. లోపల వాము, చింతపండు ముద్ద కూరి, బజ్జీ వేగాక పొట్ట చీల్చి ఉల్లిపాయలు, నిమ్మరసం పెడతారు. నది దాటితే గుంటూరు మిర్చి యార్డు. కారానికి ఇక్కడ కొదవ ఎందుకుంటుంది? ఘాటు తగ్గాలంటే మరమరాలు, పల్లీలు, ఉల్లి, టమాటా కలిపిన ముంత మసాలా ఉంది.

చీకటి పడ్డాక ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియం దగ్గర ఫుడ్‌కోర్టులో కుర్రకారు చేరతారు. నూడుల్స్ నుంచి చికెన్ పకోడీ దాకా అన్నీ ఉంటాయి. నది గాలి కావాలనుకునేవాళ్లకు బెర్మ్ పార్కులో పర్యాటక శాఖ హరిత రెస్టారెంటు. అక్కడ తిండికన్నా కృష్ణమ్మకే ఎక్కువ మార్కులు.

దాహం తీరేదెలా?

మే నెలలో పాదరసం 45 డిగ్రీలు తాకే ఊరిది. తిండి ఎంత గొప్పదైనా ఆ నెలలో జనం వెతికేది చలవ కోసమే. నీళ్లు కలిపిన పలచటి మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి చలివేంద్రాల్లో ఊరికే పోస్తారు. బండ్ల మీద సుగంధి షర్బత్, గోలీసోడా, చెరుకురసం, డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన కొబ్బరిబోండాలు. కాలువగట్ల మీది తాటిచెట్ల నుంచి దింపిన ముంజలు ఏప్రిల్‌లో రోడ్డెక్కుతాయి. లేత ముంజను బొటనవేలితో గుచ్చి నీళ్లు పీల్చి తింటేనే పద్ధతి. స్పూనుతో తినడం చూస్తే అమ్మేవాడికి నవ్వొస్తుంది. అదే తాటిచెట్టు తెల్లవారుజామున కల్లు ఇస్తుంది. ఎండెక్కాక పులిసి తలకెక్కుతుంది గనక తెలిసినవాళ్లు సూర్యోదయానికి ముందే గీతకార్మికుడి దగ్గరికి వెళ్తారు.

తాగడానికే పేరుపడిన గుడి కూడా పక్కనే ఉంది. బెజవాడ నుంచి గుంటూరు దారిలో మంగళగిరి కొండమీద పానకాల నరసింహస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. స్వామి నోట్లో పానకం పోస్తే గుటక చప్పుడు వినిపిస్తుందనీ, సగం తాగి సగం భక్తుడికి వదిలేస్తాడనీ నమ్మకం. మిరియాలు, యాలకులు వేసిన పానకం ఎండలో మెట్లెక్కి వచ్చినవాడికి ప్రసాదమూ వైద్యమూ రెండూ.

ఇంతకీ ఈ ఊరు తాగే నీళ్లు ఒక్క కృష్ణవే కావు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఎగువ నుంచి రాక ఆలస్యమైన ఏడాది డెల్టా నారుమళ్లకు ఆ నీళ్లే దిక్కు.

కాలువ వెంట బండి తిప్పితే

బెజవాడలో తిన్న చేపల పులుసు నచ్చితే దాని పుట్టిల్లు చూడండి. గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. వాటిల్లో పెరిగే శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం వెళ్లిపోతాయి. స్థానికుల మనసు మాత్రం కొరమేను, బొమ్మిడాయి, మట్టగిడస మీద. బొమ్మిడాయిల పులుసులో వేసవిలో పచ్చిమామిడి ముక్కలు వేస్తారు. రాత్రి వండి, మట్టిదాకలో ఉంచి, మర్నాడు చద్దన్నంలో తినాలంటారు పెద్దలు. ముల్లు తీయడం రానివాళ్లు కొరమేను అడగండి, మధ్యముల్లు తప్ప పెద్దగా ఇబ్బంది ఉండదు.

దివిసీమ వైపు అవనిగడ్డ, నాగాయలంక దాటితే మడ అడవులు, మండపీతలు. పీతను పళ్లతో చితక్కొట్టి పీల్చుకోవాలి గనక కొత్తవాళ్ల ముందు మొహమాటం పనికిరాదు. బందరు గిలకలదిండి రేవుకు పొద్దున్నే వెళ్తే చందువ, వంజరం, రొయ్య బుట్టల్లోనే బేరమాడవచ్చు. ఎండు రొయ్యలు, చింతచిగురు కలిపి వండిన కూర వేసవిలో డెల్టా ఇళ్లలో తప్ప హోటళ్లలో దొరకడం అరుదు. అక్కడ చుట్టాలుంటే ఫోను చేసుకుని వెళ్లండి.

బందరుదాకా వెళ్లినవాళ్లు లడ్డు తినకుండా తిరిగి రారు. ఎప్పుడో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలి కుటుంబాలు ఈ మిఠాయిని బందరుకు తెచ్చాయని చెబుతారు. శనగపిండిని నూనెలోనో నేతిలోనో జంతికల్లా తీసి, రోట్లో వేసి రోకళ్లతో దంచుతారు. జల్లించిన పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. పలుకు తగలనంత మెత్తనయ్యాక యాలకులు, జీడిపప్పు చేర్చి ఉండ కడతారు. ఈ తొక్కుడు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోధుమపాలతో చేసే నల్లటి బందరు హల్వాకూ అభిమానులు తక్కువేం కాదు.

చిన్నరసం ముందు చిన్నా పెద్దా లేదు

వేసవిలో బెజవాడ వస్తే ఉత్తరాన నున్న మామిడి మార్కెట్ చూడాలి. నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం, విస్సన్నపేట తోటల కాయ ఇక్కడికి దిగి ఢిల్లీ దాకా లారీలెక్కుతుంది. బంగినపల్లి చెక్కలు కోసుకుని తినే పండు. రసాలకు కత్తి పనికిరాదు. చిన్నరసాన్ని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి మెత్తబరచాలి. తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క జీడి పిండేయాలి, లేకపోతే పెదవులు పొక్కుతాయి. తర్వాత జుర్రుకోవడమే. మోచేతి దాకా కారితే కారనివ్వండి.

అదే సమయానికి కాళేశ్వరరావు మార్కెట్లో, రైతుబజార్లలో ఆవకాయ కాయ దిగుతుంది. పెద్ద కత్తిపీటలు వేసుకుని ముక్కలు కొట్టేవాళ్లు వరసగా కూర్చుంటారు. ప్రతి ముక్కకూ టెంక ఉండాలి, లేకపోతే ఏడాది తిరిగేలోపు ముక్క మెత్తబడిపోతుంది. ఇంటావిడ పక్కన నిలబడి ఒక్కో ముక్కా తిప్పి చూస్తుంటే, కొట్టేవాడు చెయ్యి ఆపకుండానే ‘టెంక లేని ముక్క నా చేతినుంచి రాదమ్మా’ అంటాడు.

ఐదు రూపాయల పళ్లెం

ఎక్కడ తినాలి అన్న ప్రశ్న జేబుతో కూడా ముడిపడి ఉంది. ఆస్పత్రిలో రోగిని చూసుకునేవాళ్లు, అడ్డా మీద కూలి కోసం నిలబడేవాళ్లు తినేది అన్న క్యాంటీన్లలో. కొన్నేళ్లు మూతపడ్డవి 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలయ్యాయి. పూటకు ఐదు రూపాయలు. ఆ తర్వాత పక్షం రోజులకే బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగింది. బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు స్థాయికి చేరింది. ఆ వారం ఊళ్లో వంటశాలలన్నీ పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టే పనిలో పడ్డాయి. పడవలు, ట్రాక్టర్లు వెళ్లలేని సందులకు డ్రోన్లతో పొట్లాలు దింపారు. హోటళ్ల ఊరు అన్న పేరు ఆ రోజుల్లో అక్కరకొచ్చింది.

పళ్లెం మారుతోంది

పల్లాకు తెగులు, బంగారుతీగ కలుపు మినుమును చాలా చోట్ల దెబ్బతీశాయి. వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేయడం ఎందరో రైతులకు అలవాటైంది. కొల్లేరు వైపు వరిచేలు చేపలచెరువులుగా మారి చాలా కాలమైంది. లెక్క చూస్తే రైతును తప్పుపట్టలేం. తినేవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ఫాల్గుణంలో కొత్త మినుము వచ్చినప్పుడు రైతు దగ్గరో ఊళ్లోనో ఏడాదికి సరిపడా కొనిపెట్టుకునే పాత అలవాటును వదలకపోవడం. కొత్త పప్పు బాగా ఒదుగుతుందని ఇడ్లీ వేసేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఏ నెలలో ఏమిటి?

జనవరి: తేగలు, అరిసెలు, చెరుకు, నాటుకోడి గారెలు.
ఫిబ్రవరి, మార్చి: కొత్త మినుముతో గారెలు, సున్నుండలు.
ఏప్రిల్: ముంజలు, చింతచిగురు, శ్రీరామనవమి పానకం.
మే, జూన్: రసాలు, కొత్త ఆవకాయ.
జూలై, ఆగస్టు: కాలువ గట్టున కాల్చిన మొక్కజొన్న పొత్తులు, వేడి పునుగులు.
దసరా: ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి పులిహోర, లడ్డు.
నవంబరు, డిసెంబరు: చేపల పులుసు, ఉలవచారు.

పార్సిల్ కట్టించుకునేముందు

బెజవాడ జంక్షన్‌లో రైలెక్కేవాళ్లకు చివరి మాట. బందరు లడ్డు నాలుగు రోజులున్నా రుచి తగ్గదు, మర్నాటికి ఇంకా కుదురుకుంటుంది. ఆవకాయ జాడీ ఎంత దూరమైనా వస్తుంది, మూత గట్టిగా బిగించుకోండి. ఉలవచారు ప్యాకెట్లు అమ్ముతున్నారు, ఇంటికెళ్లి వెన్న మీరే వేసుకోవాలి. చిన్నరసాలు దోరగా ఉన్నవి గడ్డిలో పెట్టించుకుంటే రెండో రోజుకు పండుతాయి. పెసరట్టు మాత్రం కట్టించుకోవద్దు. రేకు కాగితంలో చెమటపట్టి, ఉప్మాతో కలిసి ముద్దయి, రాజమండ్రి దాటేసరికి మీరు తిట్టుకునేది ఆ హోటలునే. పెనం మీంచి దిగగానే అక్కడే తినాలి. రైలు టైమైపోతోందా, అయితే తర్వాతి బండికి వెళ్లండి. బెజవాడలో బండ్లకు కరువేం లేదు.